సైకిల్ హ్యాండిల్ మీద మీటరు ఉండాల్నా? నల్లగొండ నుంచి పాలమూరు దాకా

మొదటి రోజు: పానగల్లు, కనగల్, హాలియా, సాగర్

కార్తీక మాసం. పానగల్లు ఛాయా సోమేశ్వరాలయంలో దండం పెట్టుకుని బయటికి వచ్చేసరికి మా మేనల్లుడు సైకిల్ పట్టుకుని ఆకాశం చూస్తూ నిలబడి ఉన్నాడు. లోపల పొద్దంతా గోడ మీద కదలకుండా నిలిచే నీడను చూసేందుకు ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు. వీడేమో ఉపగ్రహాల కోసం ఎదురుచూస్తున్నాడు.

"నీ డబ్బా ఇంకా లేవలేదారా?" అన్నాడు మా బావ.

"నాలుగు శాటిలైట్లన్న దొరకాలె నాయినా. మూడుంటే జాగ చెప్తది గని ఎత్తు చెప్పరాదు."

బావ ఊరూరా ఉత్తరాలు పంచి పోస్ట్‌మ్యాన్‌గా రిటైరయిన మనిషి. ఆయనది 28 అంగుళాల పాత సైకిల్, గేర్లు లేవు, మీటరు లేదు, బెల్లు మాత్రం ఊరంతటికీ వినపడుతుంది. ఆయన కొడుకు, అంటే మా అల్లుడు, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ ఆదివారాలు బ్రెవేలు, అంటే గడువులోపు ముగించాల్సిన దూరపు సైకిల్ ప్రయాణాలు, తొక్కుతాడు. వాడి హ్యాండిల్ మీద అగ్గిపెట్టె కన్నా కొంచెం పెద్ద జీపీఎస్ తెర ఉంటుంది. దాన్లో తొవ్వ, వేగం, ఎత్తు, గుండె కొట్టుకునే లెక్క అన్నీ కనపడతాయి. నేను మధ్యలో మనిషిని. ముందు చక్రం పుల్లకు చిన్న అయస్కాంతం, ఫోర్కుకు సెన్సరు, అక్కడి నుంచి హ్యాండిల్ దాకా సన్నటి తీగ. చక్రం ఒక చుట్టు తిరిగితే అయస్కాంతం సెన్సరు ముందు నుంచి ఒకసారి పోతుంది. మీటరు ఆ చుట్లను టైరు చుట్టుకొలతతో గుణించి దూరం చెబుతుంది. దానికి ఆకాశంతో పని లేదు. ఎటు పోవాలో అడిగితే మాత్రం అది చెప్పలేదు.

కనగల్ దాటినాక రోడ్డులో సగం వడ్లు ఆరబోసి ఉన్నాయి. కుప్పల అంచున రాళ్లు పేర్చి, రాత్రికి కప్పే పట్టాలు మడిచి పెట్టారు. మిగిలిన సగంలోంచే లారీలు, ఆటోలు, మేము. అల్లుడి తెర మీద ఆ రోడ్డు నున్నగా, నీలంగా, ఖాళీగా ఉంది. వాడు రెండుసార్లు తెర చూస్తూ వడ్ల మీదికి పోబోయాడు. ఒకామె చీపురు ఎత్తింది. అంతే, ఆ తర్వాత వాడు హాలియా దాకా తల దించలేదు.

హాలియాలో చాయ్ తాగుతూ సాగర్ ఎంత దూరమని అడిగితే ఒకాయన "గిదే, గంటల వోతరు" అన్నాడు, ఇంకొకాయన "బండి మీదనా, సైకిల్ మీదనా?" అని ఎదురడిగాడు. రెండో మనిషి తెలివైనవాడు. మన దగ్గర తొవ్వ అడిగితే నిజం చెబుతారు, దూరం అడిగితే ధైర్యం చెబుతారు. "గిదే" అంటే ఒక్క కిలోమీటరు కావచ్చు, పదిహేను కావచ్చు. నా తీగ మీటరు పనికొచ్చేది సరిగ్గా ఇక్కడే. నీళ్లు ఎంత మిగిలాయి, ఎండ ఎంత ఎక్కింది, ఇంకా ఎంత తొక్కాలి అనే మూడింటిలో చివరిది మాత్రమే మనుషుల్ని అడిగి తెలుసుకోలేం.

పెద్దవూర దాటి హిల్ కాలనీ ఎత్తుల మీద అల్లుడి తెర వాలు శాతాలు చూపించడం మొదలుపెట్టింది. 5, 6, 7. "ఏడు శాతం మామా!" అని అరిచాడు. బావ సైకిల్ దిగి నడిపించుకుంటూ, "నా మోకాలు గదే చెప్తాంది" అన్నాడు.

సాయంత్రం డ్యాం చూశాం. 1955 డిసెంబర్ 10న నెహ్రూ పునాదిరాయి వేస్తే, 1967 ఆగస్టులో ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. పొద్దున మేం తొక్కి వచ్చిన వడ్లల్లో చాలా భాగం ఈ సాగర్ నీళ్ల చలవే.

రెండో రోజు: పెద్దవూర, అంగడిపేట, కొండమల్లేపల్లి, దేవరకొండ

వచ్చిన తొవ్వనే పెద్దవూర దాకా వెనక్కి. తర్వాత హైదరాబాద్ రోడ్డు పట్టుకుని అంగడిపేట, కొండమల్లేపల్లి. తొవ్వ తప్పడానికి వీలే లేని రోడ్డు. హైదరాబాద్‌కు తాగడానికి పోయే కృష్ణా నీళ్లకు ఆధారమైన అక్కంపల్లి రిజర్వాయరు ఇటే ఉందని బావ చెబితే, నెలనెలా నల్లా బిల్లు కట్టే అల్లుడు మొదటిసారి ఆశ్చర్యపోయాడు.

ఈ రోజు బావ కిలోమీటరు రాళ్ల పాఠం చెప్పాడు. రాయి తలకు పసుపు ఉంటే జాతీయ రహదారి, ఆకుపచ్చ ఉంటే రాష్ట్ర రహదారి, నారింజ రంగు ఉంటే గ్రామీణ సడక్ పథకం రోడ్డు. ఏ రోడ్డు మీద ఉన్నామో తెలుసుకోవడానికి బ్యాటరీ అక్కర్లేదు. కాకపోతే రోడ్డు వెడల్పు చేసినప్పుడల్లా రాళ్లు మట్టిలో పడిపోతున్నాయి, కొన్నింటి మీద సినిమా పోస్టర్లు, కొన్నింటి మీద ఎన్నికల గుర్తులు. రాయి చదివే విద్యకు కాలం చెల్లుతోంది, అది నిజమే.

నా మీటరు మాత్రం కొత్త సంగతేం కాదు. 1802లో మద్రాసు దగ్గర మొదలై దేశాన్ని కొలిచిన త్రికోణమితి సర్వే కాలానికే, తొవ్వల పొడవు కొలవడానికి పెద్ద చక్రాన్ని తోసుకుంటూ నడిచేవాళ్లు. దాన్ని పెరాంబులేటర్ అనేవాళ్లు. చక్రం చుట్లు లెక్కపెట్టే పళ్ల గిలక దానికి ఉండేది. గిలక పోయి అయస్కాంతం వచ్చింది, లెక్క మారలేదు. ఇది విన్నాక అల్లుడు నా మీటరును "కంపెనీ సర్కారు మీటరు" అని పిలవడం మొదలుపెట్టాడు.

మూడో రోజు: డిండి, అచ్చంపేట, ఉమామహేశ్వరం

డిండి చెరువు కట్ట దగ్గర చేపలు వేయించే బండి ముందు మొదటి అసలు తగాదా వచ్చింది. ఫోనుంటే చాలదా, వేల రూపాయలు పోసి ఇంకో తెర ఎందుకు అని నేను అడిగాను.

అల్లుడి జవాబులో పస ఉంది. ఫోన్ తెర ఎండలో వెలవెలబోతుంది, వెలుగు పెంచితే బ్యాటరీ మధ్యాహ్నానికే అయిపోతుంది. ఎండకు కాలి దానంతటదే ఆగిపోతుంది కూడా. తొవ్వలో ఏదన్నా అయితే ఇంటికి చేయాల్సిందీ ఆ ఫోనే. సైకిల్ కంప్యూటర్ తెరకు ఎండ పడితే ఇంకా బాగా కనపడుతుంది, ఒక్క చార్జింగ్‌తో రోజంతా నడుస్తుంది, వానకు చెడదు. బ్రెవేల్లో 200 కిలోమీటర్లకు 13 గంటల 30 నిమిషాలు, 300కు 20 గంటలు, 600కు 40 గంటలు గడువు. అర్ధరాత్రి ఎవరూ లేని చౌరస్తాలో ఎటు తిరగాలో తెలియకపోతే గడువు పోతుంది. పూర్వం ఆ పనికి ఏ మలుపు ఎన్నో కిలోమీటరులో వస్తుందో రాసిన కాగితం ఇచ్చేవాళ్లు. ఇప్పుడు జీపీఎక్స్ ఫైలు ఇస్తారు. వరసగా పేర్చిన చుక్కలంతే అది, మిషన్ ఆ చుక్కల వెంట నడిపిస్తుంది.

"పారిస్ నుంచి బ్రెస్ట్ పోయి మళ్లీ పారిస్ వచ్చే 1200 కిలోమీటర్ల పరుగు 1891లనే మొదలైంది గదరా. అప్పుడు ఏ ఫైలు చూసిండ్రు?" అన్నాను.

"అప్పుడు సైకిల్‌కు గేర్లు గూడ లేవు మామా. అట్లని నువ్వు గేర్లు తీసేస్తవా?"

మా మాటలు వింటూ చేపముక్క నములుతున్న గేర్ల్లేని బావ, "తీస్తే ఏమైతది?" అన్నాడు. తగాదా అక్కడికి ఆగింది.

అచ్చంపేట చేరి, సామాను గదిలో పడేసి, రంగాపూర్ మీదుగా ఉమామహేశ్వరం గుట్టకు పోయాం. శ్రీశైలానికి ఉత్తర ద్వారమని పేరు. నల్లమల అంచు ఇక్కడి నుంచి మొదలవుతుంది, మన్ననూరు చెక్‌పోస్టు దాటితే అమ్రాబాద్ పులుల అడవి. సైకిళ్లతో అటు పోయే ఆలోచన మేం పెట్టుకోలేదు.

గుట్ట ఎక్కుతుంటే ఫోన్లలో సిగ్నల్ గీతలు ఒక్కొక్కటే రాలిపోయాయి. "ఇగ నీ జీపీఎస్ బందు" అన్నాడు బావ. చాలామంది అనుకునేది ఇదే, నిజం వేరే. ఉపగ్రహం నుంచి వచ్చే సంకేతానికి సెల్ టవర్‌తో సంబంధం లేదు. టవర్ లేకపోతే ఆగేది పటం. ముందే దించుకుని పెట్టుకుంటే పటమూ ఆగదు. ఇంకో సంగతి, 2000 మే దాకా అమెరికా తమ సైన్యానికి తప్ప మిగతావాళ్లకు ఇచ్చే సంకేతంలో కావాలనే తప్పు కలిపేది, వంద మీటర్ల దాకా తేడా వచ్చేది. ఆ కాలంలో అయితే మా అల్లుడి మిషన్ మమ్మల్ని రోడ్డు మీద కాకుండా గుట్ట కింద పొలంలో చూపించేది.

ఎత్తు సంగతి ఇంకా తమాషా. ఉపగ్రహాలతో తెలిసే ఎత్తు అంత నమ్మకమైంది కాదు. అందుకే మంచి మిషన్లలో గాలి ఒత్తిడి కొలిచే సెన్సరు ఉంటుంది. పైకి పోయేకొద్దీ గాలి పలచనవుతుంది, ఆ తేడాతో ఎత్తు కడుతుంది. అయితే మబ్బు పట్టి ఒత్తిడి మారినా, కదలకుండా కూర్చున్న సైకిల్ ఎత్తు మారినట్టే చూపిస్తుంది. ఆ సాయంత్రం గుడి మెట్ల దగ్గర పెట్టిన సైకిల్, మేం దర్శనం చేసుకుని వచ్చేలోపు ఏడు మీటర్లు దిగిపోయింది.

నాలుగో రోజు: బల్మూరు, లింగాల, కొల్లాపూర్, సోమశిల

అచ్చంపేట నుంచి కొల్లాపూర్‌కు నాగర్‌కర్నూల్ మీదుగా పెద్ద రోడ్డు ఉంది. మేం బల్మూరు, లింగాల మీదుగా లోపలి తొవ్వ పట్టాం. పత్తి ఏరే కాలం, ట్రాలీల్లోంచి రాలిన దూది రోడ్డు పక్కన తుమ్మ కంపలకు చిక్కుకుని ఉంది. పొద్దున ఒక ఇంటి అరుగు మీద జొన్నరొట్టె, పల్లీల చట్నీ దొరికాయి. డబ్బులు తీసుకోమంటే ఆమె కోపం చేసింది. ఇలాంటి తిండి ఉన్న ఇల్లు ఏ పటంలోనూ ఉండదు. ఉండకపోవడమే ఆ ఇంటికి మంచిది.

బావ తొవ్వ అడిగే పద్ధతి నేను శ్రద్ధగా చూసింది ఈ రోజే. "కొల్లాపురం ఎటు?" అని ఆయన ఎన్నడూ అడగడు. "కొల్లాపురం బస్సు ఏ తొవ్వల వోతది?" అంటాడు. బస్సు పోతుందంటే తారు ఉన్నట్టు, వాగు మీద కల్వర్టు ఉన్నట్టు, మధ్యలో చాయ్ దొరికే ఊరు ఉన్నట్టు. ముసలివాళ్లను అడిగితే వాళ్ల వయసులో ఉన్న తొవ్వ చెబుతారని, నిన్నటి తొవ్వ కావాలంటే ఆటో నడిపేవాణ్ని, వాన పడ్డ తెల్లారి తొవ్వ కావాలంటే పాలాయన్ని అడగాలని ఆయన లెక్క. ఒక్క మనిషి మాట మీద మలగడు. రెండో మనిషిని అడిగేటప్పుడు మొదటి మనిషి చెప్పిన జవాబు బయటపెట్టడు. పెడితే "ఆఁ, గంతే" అని తలూపి పంపిస్తారట.

లింగాల దాటినాక ఒక చీలిక దగ్గర బస్సు తొవ్వ కుడిచేతికి అన్నారు. అల్లుడి మిషన్ ఎడమకు గుంజింది. "ఆరు కిలోమీటర్లు తక్కువ మామా" అన్నాడు. దగ్గరి తొవ్వంటే ఎవరికి చేదు? ఎడమకే పోయాం.

మొదట సిమెంటు రోడ్డు, తర్వాత మొరం, తర్వాత బండ్ల బాట. మిషన్ నిబ్బరంగా ముందుకే చూపిస్తోంది. పత్తి చేను మూల తిరిగేసరికి ఎదురుగా కాలువ. కల్వకుర్తి ఎత్తిపోతల నీళ్లు నిండుగా పోతున్నాయి. బాట ఇవతలి గట్టు మీద ఆగి, అవతలి గట్టు మీద మళ్లీ మొదలైంది. మధ్యలో వంతెన లేదు. తెర మీదేమో నీలం గీత నీళ్లలోంచి నేరుగా పోతోంది. కాలువ తవ్వక ముందు ఆ బాట నిజంగానే ఉండి ఉంటుంది. పటం గీసినవాళ్లు అబద్ధం చెప్పలేదు, పాత నిజం చెప్పారు.

గొర్రెలు కాసే పెద్దాయన గొంగడి సర్దుకుంటూ వచ్చి మమ్మల్ని, సైకిళ్లను, అల్లుడి హెల్మెట్‌ను తీరిగ్గా చూశాడు.

"యాడికి?"

"కొల్లాపురం పోవాలె పెద్దయ్యా."

"గిట్లెందుకొచ్చిండ్రు? గిటు గొర్లే రావు."

గట్టు మీద నడుచుకుంటూ పోతే రెండు కిలోమీటర్ల అవతల తూము దగ్గర దాటొచ్చన్నాడు. గట్టంతా సర్కారు తుమ్మ ముళ్లు. అల్లుడి సన్న టైర్లు రెండూ పంచరు, నాది ఒకటి. బావ సైకిల్‌కు ఏం కాలేదు. ఆరు కిలోమీటర్లు ఆదా చేయబోయి రెండు గంటలు పోగొట్టాం. రెండు కిలోమీటర్లని పెద్దాయన చెప్పింది నా మీటరు మీద మూడున్నర చూపించింది. తొవ్వ మాత్రం చెప్పింది చెప్పినట్టే ఉంది.

దీన్ని బట్టి మిషన్లు దండగ అంటే నేను ఒప్పుకోను. అది దగ్గరి తొవ్వ అడిగితే దగ్గరి తొవ్వ చెప్పింది. ఏ రోడ్డు మీద బస్సు నడుస్తుందో, నిరుడు ఏ కాలువ తవ్వారో దానికి ఎవరూ చెప్పలేదు. ఈ పాలమూరు జిల్లాల్లో పదిహేను ఏండ్లుగా కాలువలు, రిజర్వాయర్లు, కొత్త హైవేలు నేలను మారుస్తూనే ఉన్నాయి. పటం ఆ వేగానికి అందుకోవడం కష్టం.

సోమశిలలో ఇదే కథ ఇంకా పెద్దగా కనపడింది. 1980ల్లో శ్రీశైలం రిజర్వాయరు నిండినప్పుడు ఇటు ఊళ్లకు ఊళ్లే మునిగాయి, గుళ్లను విప్పి ఎత్తు మీద మళ్లీ కట్టారు. సోమశిల గుడి కూడా అట్లా వచ్చిందే. రేవు దగ్గర తారు రోడ్డు ముగిసినా, అల్లుడి తెర మీద చుక్కల గీత కృష్ణ మీదుగా అవతలి సిద్ధేశ్వరం దాకా పోయింది. "ఇది పడవ తొవ్వ" అని వాడే చెప్పాడు, కాస్త జాగ్రత్తగా.

ఐదో రోజు: వీపనగండ్ల, పెబ్బేరు, బీచుపల్లి, గద్వాల

ఎండ తప్పించుకుందామని ఐదింటికే కొల్లాపూర్ విడిచాం. మంచు, చీకటి, ఊళ్లు లేవలేదు. ఒక చోట రోడ్డు మూడు చీలికలైంది. రాయి లేదు, బోర్డు లేదు, పాలాయన కూడా లేడు. బావ బెల్లు కొట్టి చూశాడు, ఒక కుక్క మాత్రం పలికింది. అల్లుడు మాట్లాడకుండా నిలబడ్డాడు. చివరికి బావే, "ఏదీ, నీ డబ్బా ఏమంటాంది?" అన్నాడు. డబ్బా నడిమి తొవ్వ అంది. నడిమి తొవ్వే వీపనగండ్లకు చేర్చింది. అడిగే మనిషి లేని చోట దానికి సాటి లేదు, ఒప్పుకోవాల్సిందే.

పెబ్బేరు నుంచి 44వ నంబరు హైవే. బావకు అది ఇంకా పాత లెక్కన ఏడో నంబరు రోడ్డే. రాంగ్ సైడ్ ట్రాక్టర్లు, సర్వీస్ రోడ్డు మీద మేకలు. ఇక్కడ తెర చూడటమంటే ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. అల్లుడికి మిషన్ బీప్ కొట్టేలా పెట్టుకోమన్నాను, పెట్టుకున్నాడు. వెనక వచ్చే లారీని చూపించే చిన్న అద్దం ఈ రోడ్డు మీద అన్ని మీటర్ల కన్నా విలువైంది. వంతెన దాటి, బీచుపల్లి ఆంజనేయుడికి మొక్కి, ఎర్రవల్లి చౌరస్తాలో గద్వాల వైపు తిరిగాం. మిగతా పొద్దు కోటలో, చెన్నకేశవుని గుడిలో. మా అక్క కోసం బావ చీర కొన్నాడు. దాన్ని సైకిల్ వెనక పోస్టు సంచిలో పెట్టిన తీరు చూస్తే రిజిస్టర్డ్ పార్సిల్ అనుకోవాలి.

ఆరో రోజు: జూరాల, ఆత్మకూరు, కురుమూర్తి, దేవరకద్ర, మహబూబ్‌నగర్

జూరాల గేట్ల మీదుగా కృష్ణ దాటి ఆత్మకూరు వైపు. ఈ కాలంలో ఈశాన్యం గాలి వీస్తుంది, మేం పోయేది ఈశాన్యానికే. చెట్టు లేని మైదానం. గంటకు పద్దెనిమిది పోయే అల్లుడి వేగం పదకొండుకు దిగింది. ఆ పదకొండును చూసి చూసి వాడు సగం నీరసపడ్డాడు. నాకూ అంతే, నా మీటరు మీదా అదే అంకె. బావకు అంకె లేదు కాబట్టి గాలి మాత్రమే ఉంది. "గాలి మొకాన కొడితే మెల్లగ తొక్కాలె, దాన్ని చూసుడెందుకు?" అన్నాడు. నేను నా మీటరును గడియారం పేజీకి మార్చేశాను. ఎదురుగాలిలో వేగం చూసుకోవడం, పస్తున్ననాడు వంటల వీడియో చూసినట్టే.

కురుమూర్తి జాతర నడుస్తోంది. స్వామికి కుట్టిన ఉద్దాల (పాదరక్షల) ఊరేగింపు అయిపోయినా జనం తగ్గలేదు. రోడ్డు మీద బొమ్మల దుకాణాలు, రంగుల రాట్నాలు, బెల్లం జిలేబీ పొగ. మిషన్ నేరుగా పొమ్మంది. పోలీసాయన లాఠీతో పక్క చేను చూపించాడు. సైకిళ్లు భుజాన వేసుకుని కోసిన వరి మొదళ్ల మీద నడిచాం.

మహబూబ్‌నగర్ చేరి పిల్లలమర్రి కింద లెక్క చూసుకున్నాం. 2018లో చీడ పట్టినప్పుడు సెలైన్ సీసాలతో మందు ఎక్కించి కాపాడిన చెట్టు ఇదే. అల్లుడి మిషన్ మొత్తం దూరం నా మీటరు కన్నా ఐదు కిలోమీటర్లు తక్కువ చూపించింది. ఎవరిది తప్పు? ఇద్దరిదీ కాదు. వాడిది చుక్క నుంచి చుక్కకు గీత గీస్తుంది, వంకర్లు కొన్ని కోసుకుపోతుంది. నాది వడ్ల కుప్పల చుట్టూ తిరిగిన తిప్పలు, కాలువ గట్టు మీద తోసిన తోపు అన్నీ లెక్కపెడుతుంది. పైగా చుట్టుకొలతలో ఒక్క సెంటీమీటరు తేడా ఉంటే నాలుగు వందల కిలోమీటర్లకు రెండు కిలోమీటర్ల దాకా పెరుగుతుంది. టైర్లో గాలి తగ్గినా అంతే.

నా మటుకు నాకు తేలింది ఇది. పందెం కోసమో గడువు కోసమో రాత్రుళ్లు తొక్కేవాళ్లకు అల్లుడి లాంటి మిషన్ కావాలి. ఊళ్ల మీదుగా పగలు తొక్కేవాళ్లకు వెయ్యి రూపాయల లోపు దొరికే తీగ మీటరు చాలు. పటం దించుకున్న ఫోన్ సంచిలో స్విచాఫ్ చేసి ఉండాలి. అల్లుడు దీనికి ఒప్పుకోలేదు, ఒప్పుకోవాలని నేనూ అడగలేదు.

గడియారం చౌరస్తా పక్కన సైకిల్ షాపు ముందు బావ ఆగాడు. తీగ మీటరు ఉందా అని అడిగాడు. మేమిద్దరం మొహమొహాలు చూసుకున్నాం.

"నేను తిరిగిన బీటు ఎంత దూరమో ఇప్పటికీ తెల్వదురా నాకు" అన్నాడు.

"ఫోన్ల చూసి ఇప్పుడే చెప్తా నాయినా" అన్నాడు అల్లుడు.

"చెరువు కట్ట మీదికెల్లి, ఈదుల వాగు దాటి, కందికాయ చేన్ల ఒడ్డెంబడి తండాకు వోయేది. ఉన్నదా నీ ఫోన్ల?"

అల్లుడు వేళ్లతో పటం పెద్దది చేసి చూశాడు. కట్ట ఉంది, వాగు ఉంది. ఒడ్డు లేదు.

షాపతను టైరు మీద సుద్దగీత పెట్టి, నేల మీద ఇంకో గీత పెట్టి, బావను సైకిల్ ఎక్కి కూర్చోమన్నాడు. మనిషి బరువుకు టైరు అణిగితేనే అసలు కొలత వస్తుంది. నేను ఒకవైపు, అల్లుడు ఒకవైపు పట్టుకుని సుద్దగీత మళ్లీ నేలకు తగిలే దాకా నెట్టాం. టేపు పెడితే రెండు మీటర్ల ఇరవై రెండు సెంటీమీటర్లు. మీటరులో 2220 అని నొక్కారు. బావ జేబులోంచి డబ్బులు తీస్తూ ఆగి, "సెల్లు దీంట్లనే ఇస్తవా, మళ్ల యేరే కొనాల్నా?" అని షాపతనితో బేరం మొదలుపెట్టాడు.